పసుపు డబ్బా ఫిల్టరు

చెడిపోయిన కార్లను మోసుకొచ్చే లైల్ టో ట్రక్కు బుధవారం పొద్దున్నే కార్ల రిపేరు షెడ్డు ముందు ఆగింది. మీదున్న కారును ఇంకా కిందికి దించనే లేదు, షెడ్డు యజమాని బెవ్ జుపాన్ తీర్పు చెప్పేసింది. కౌంటరు వెనక కిటికీలోంచి ఆ నీలం రంగు కారునీ, దాని బంపరు కింద గడ్డకట్టి వేలాడుతున్న నల్లటి ఆయిల్ చారల్నీ చూసి, "అదే, పసుపు డబ్బా," అంది.

మెకానిక్కు ఆర్వో నిస్కా కాఫీ కప్పు కింద పెట్టకుండానే తల ఊపాడు. మొన్న శుక్రవారం ఆ కారుకు ఆయిల్ మార్చింది అతనే. షెడ్డులో ఉండే నల్ల రంగు ఆయిల్ ఫిల్టరు వేస్తానంటే కారు సొంతదారు మార్లిస్ పెల్టో వినలేదు. బజార్లో తాను కొనుక్కొచ్చిన పసుపు రంగు ఫిల్టరే వేయమంది. కౌంటరు పైన బెవ్ నాన్న కాలం నాటి బోర్డు ఉంది: మీరు తెచ్చిన సామానుకు మా పూచీ లేదు. ఆ రోజు ఆర్వో ఆ బోర్డును గడ్డంతో చూపించి మరీ పనిలోకి దిగాడు.

మార్లిస్ ట్రక్కు క్యాబిన్లోంచి దిగింది. ముందు తన మందుల సంచీ దించుకుంది, ఆ తర్వాత తాను దిగింది. నలభై అయిదేళ్ళుంటాయి. సరస్సుల చుట్టూ చెట్ల మధ్య విసిరేసినట్టుండే ఇళ్ళకు వెళ్ళి ముసలివాళ్ళకు కట్లు మార్చి, సూదులు వేసి, మాత్రలు డబ్బాల్లో సర్ది వచ్చే నర్సు. కారు లేకపోతే ఆమె నర్సు కాదు, ఇంట్లో కూర్చున్న మనిషి.

జరిగింది ఆమె చిన్నగా చెప్పింది. సున్నాకి ముప్పై డిగ్రీలు కింద ఉన్న పొద్దున కారు స్టార్టయింది. సరస్సు రోడ్డు మీద ఆరు మైళ్ళు పోయాక ఆయిల్ దీపం ఎర్రగా వెలిగింది. ఇంకో అర మైలు పోతే ఐనో అనే ముసలావిడ ఇల్లు. ఆవిడకు ఎనభై ఏడేళ్ళు, చక్కెర జబ్బు, సూది వేస్తే గానీ తినకూడదు, ఆకలేస్తే ఆగలేని మనిషి. మార్లిస్ కారు ఆపలేదు. ఐనో ఇంటి మెట్ల దగ్గర ఇంజను ఒక్కసారి గట్టిగా మోగి బిగుసుకుపోయింది. లోపలికి వెళ్ళి సూది వేసి, ఆవిడ జావ తాగడం చూసి, అప్పుడు లైల్‌కి ఫోన్ చేసింది.

"ఎర్ర దీపం వెలగ్గానే ఆపేయాలమ్మా," అంది బెవ్.

"ఆపితే అర మైలు నడవాలి. నడిస్తే మీరు ఈపాటికి నాకే సూది వేయిస్తుండేవాళ్ళు."

బెవ్ చెడ్డ మనిషి కాదు. వెంటనే కాఫీ పోసింది, ఇంట్లో చేసుకొచ్చిన పొటీత్సా, అక్రోటు పప్పు చుట్టిన తీపి రొట్టె, ఒక ముక్క కోసి పెట్టింది. ఫిల్టరు తయారుచేసిన కంపెనీ మీద దావా వేయొచ్చని, ఆర్వో దాన్ని కోసి చూసి కాగితం రాసిస్తాడని, ఆ కాగితం పంపితే కంపెనీవాళ్ళే ఇంజను ఖర్చు పెట్టుకుంటారని ఓపిగ్గా చెప్పింది. ఎన్నాళ్ళు పడుతుందని మార్లిస్ అడిగింది. రెండు నెలలు పట్టొచ్చంది బెవ్.

మార్లిస్ పొటీత్సా ముక్క ముట్టుకోలేదు. తనను ఇళ్ళకు పంపే నర్సుల ఏజెన్సీవాళ్ళతో ట్రక్కులోంచే మాట్లాడిందట. ఈ రెండు రోజులూ ఎవరినో ఒకర్ని సర్దుతామన్నారు, సోమవారానికి బండి లేకపోతే ఆమె చూసే పదకొండు ఇళ్ళూ వేరే నర్సుకు రాసేస్తామన్నారు. ఒకసారి రాసేశాక తిరిగిరావు. ఈ మాట చెప్పేటప్పుడు కూడా ఆమె గొంతు పెరగలేదు. ఆర్వో వైపు తిరిగి ఒకే ఒక్కటి అడిగింది.

"లోపల చూశారా?"

"దేని లోపల?"

"ఫిల్టరు లోపల. దాని తప్పేనంటున్నారుగా, చూశారా అని."

"చూస్తా," అన్నాడు ఆర్వో. కాస్త విసుగొచ్చింది అతనికి. నలభై ఏళ్ళుగా ఊళ్ళో అందరూ ఫిల్టర్ల సంగతి తననే అడుగుతారు, తనకు చెప్పరు.

ఆ మాటలో అబద్ధం లేదు. షెడ్డులో కస్టమర్లు కూర్చునే గది గోడకు అతని అలమర ఉంది. అందులో ముప్పై ఏడు ఫిల్టర్లు, అన్నీ నిలువునా కోసినవి, లోపలి కాగితం మడతలు పుస్తకంలా విప్పి ఉంటాయి. ఒక్కోదానికి దారంతో కట్టిన చీటీ, చీటీ మీద ఆర్వో చేతిరాత: మడతలెన్ని, జిగురు ఎలా ఉంది, స్ప్రింగు గట్టిదా కాదా, ఎన్ని మైళ్ళు తిరిగింది. పై వరసలో మంచివి, కింది వరసలో చెడ్డవి. ఊరి పక్క గని నుంచి వచ్చే డ్రైవర్లు కాఫీ చేత్తో పట్టుకుని ఆ అలమర ముందు నిలబడి, ఫలానాది కింది వరసలోకి ఎందుకు దిగిందని వాదించుకుంటారు. బెవ్ అతన్ని డాక్టరు అని ఏడిపిస్తుంది, ఆ అలమరకు మార్చురీ అని పేరు పెట్టింది. పైకి చిరాకు పడినా ఆర్వోకి ఆ పేర్లంటే ఇష్టమే.

మధ్యాహ్నం బెవ్ తనే కారు కిందికి దూరి పసుపు ఫిల్టరు విప్పి ప్లాస్టిక్ సంచిలో వేసి తెచ్చింది. ఆర్వో కొత్త చీటీ తీసి ముందే రాసి పెట్టాడు: పసుపు డబ్బా, నూట ఎనభై మైళ్ళు, కింది వరస. ఇన్నేళ్ళలో కోయకుండా చీటీ రాయడం అదే మొదటిసారి. అప్పుడు అతనికది తట్టలేదు.

గురువారం తీరిక దొరికింది. రాత్రంతా ఫిల్టరును బోర్లించి ఉంచాడు గనక ఆయిల్ దాదాపు కారిపోయింది. ఫిల్టరు కోయడానికి రంపం వాడకూడదు. రంపం పొడి లోపల పడితే ఏది ఇంజను రాల్చిందో, ఏది రంపం రాల్చిందో తెలియదు. ఆర్వో దగ్గర రేకు డబ్బాల మూత కోసే పనిముట్టు లాంటిది, కాస్త పెద్దది ఉంది. చిన్న చక్రం, ఒక పిడి. డబ్బా మెడ చుట్టూ తిప్పుతూ, ప్రతి చుట్టుకీ పావు వంతు బిగిస్తూ పోవాలి. తొందరపడితే రేకు వంకరపోతుంది. ఆరో చుట్టుకి మూత టక్కుమని ఊడింది.

ముందు అతను చూడదలచుకున్నది కాగితం. నాసిరకం ఫిల్టర్లలో మడతలు తక్కువుంటాయి, ఒక చోట గుంపుగా, ఒక చోట పలచగా ఉంటాయి. అంచున జిగురు సరిగా పట్టదు. చలికి చిక్కబడ్డ ఆయిల్ ఒక్కసారి తోస్తే కాగితం చిరుగుతుంది, లేదా డబ్బా అతుకు విచ్చుకుంటుంది. ఇందులో అలాంటిదేదో ఉంటుందని ఆర్వోకి ఖాయంగా తెలుసు. కాగితాన్ని లోపలి గొట్టం నుంచి కోసి, బల్లకు బిగించి ఉన్న ఇనుప పట్టులో పెట్టి పిండి, పాత దినపత్రిక మీద పరిచాడు. కళ్ళజోడు నుదుటి మీంచి కిందికి లాక్కుని లెక్కపెట్టాడు.

యాభై ఎనిమిది మడతలు. అన్నీ సమానంగా ఉన్నాయి.

మళ్ళీ లెక్కపెట్టాడు. యాభై ఎనిమిదే. షెడ్డులో వాడే నల్ల డబ్బాలో యాభై రెండు. జిగురు చుట్టూ తెగకుండా ఉంది. గోటితో గీరి చూశాడు, రాలేదు. రెండు చివర్ల మూతలు అట్టవి కావు, రేకువి. స్ప్రింగును బొటనవేలితో నొక్కితే ఎదురు తన్నింది. డబ్బా అతుకును వెలుతురుకు పట్టి చుట్టూ తిప్పాడు. వెంట్రుకంత చీలిక కూడా లేదు. మడతల మధ్య సన్నటి మెరుపు పొడి ఉంది. అది చచ్చిపోతూ ఇంజను రాల్చుకున్న బేరింగుల పొడి. అంతా పట్టుకుంది ఫిల్టరు, తన పని తాను చేసింది.

"ఏమంటున్నాడు పేషెంటు?" అని బెవ్ తలుపులోంచి తొంగిచూసింది.

ఇంకా చూస్తున్నానన్నాడు. కంపెనీకి కాగితం సాయంత్రం పోస్టుకి పంపుదామనుకుంటున్నానని బెవ్ గుర్తుచేసి వెళ్ళింది.

అతని విసుగు ఎప్పుడు పోయిందో అతనికే తెలియదు. కొత్త యంత్రం దొరికిన పిల్లాడిలా బల్ల మీదికి వంగిపోయాడు. మూత లోపల పలచటి రబ్బరు వాల్వు ఉంటుంది. ఇంజను ఆపేశాక ఫిల్టర్లోని ఆయిల్ వెనక్కి కారిపోకుండా ఆపే రబ్బరు అది. నల్ల డబ్బాలో ఆ వాల్వు నల్లగా ఉంటుంది. ఇందులో ఎర్రగా ఉంది. ఎర్ర రబ్బరు చలికి బిగుసుకోదని ఆర్వోకి తెలుసు, కానీ రెండింటినీ పక్కపక్కన పెట్టి తానెప్పుడూ చూడలేదు. చూడాలనిపించింది. కొత్త నల్ల డబ్బా ఒకటి తీసి కోసేశాడు. రెండు వాల్వులనూ ఖాళీ కాఫీ డబ్బాలో వేసి, షెడ్డు బయట మంచు మీద పెట్టి వచ్చి తన డబ్బాలోని పాస్టీ, మాంసమూ దుంపలూ కూరిన రొట్టె, వేడి చేసుకున్నాడు.

గంట తర్వాత వెళ్ళి చేతి తొడుగులు విప్పి రెండింటినీ వేళ్ళ మధ్య పట్టుకున్నాడు. ఎర్రది చెవి తమ్మెలా మెత్తగా వంగింది. నల్లది వంగలేదు. గట్టిగా వంచితే అంచు చిట్లింది.

మార్లిస్ ఆ శుక్రవారం ఏదో చెప్పబోయింది. చలి పొద్దుల్లో కారు స్టార్టవగానే రెండు మూడు క్షణాలు ఇంజను లోపల ఎవరో తలుపు కొడుతున్నట్టు చప్పుడొస్తోందని, నల్ల ఫిల్టరు వేసినప్పటి నుంచే వస్తోందని అంది. చలికాలంలో అన్ని కార్లూ చప్పుడు చేస్తాయని అతను కొట్టిపారేశాడు. ఇప్పుడు చిట్లిన రబ్బరు చేతిలో ఉంది. ఆ కారుకు ఫిల్టరు అడ్డంగా ఉంటుంది. వాల్వు బిగుసుకుంటే రాత్రంతా ఆయిల్ వెనక్కి జారిపోతుంది, పొద్దున ఇంజను కాసేపు ఎండిపోయి తిరుగుతుంది. ఆ చప్పుడు అదే. నల్ల డబ్బాను పై వరసలో పెట్టి, ఊరందరికీ అదే కొనమని చెప్పింది తనే. రెండు వాల్వులనూ తీసుకుని ఆర్వో బల్ల దగ్గరికి వచ్చాడు.

సరే, ఫిల్టరు మంచిది. మరి ఆయిల్ ఎటుపోయింది?

బల్ల మీద ఇంక చూడనిది ఒకటే మిగిలింది, పై మూతకున్న రబ్బరు రింగు. ఫిల్టరుకీ ఇంజనుకీ మధ్య కూర్చుని ఆయిల్ బయటికి రాకుండా ఆపేది అదే. ఆర్వో దాన్ని దీపం కింద పెట్టి చూశాడు. ఇనుము మీద బిగిసిన రింగు పైభాగం అద్దంలా చదునుగా, మెరుస్తూ ఉండాలి. ఇది అలా లేదు. చుట్టూ సన్నటి గాడి పడింది, గుండ్రటి దేన్నో మీద పెట్టి నొక్కినట్టు. ఒక పక్క గాడి బయటికి జారి అంచు చెదిరింది.

ఆ గాడి ఏమిటో అతనికి చూడగానే తెలిసింది. తెలియనట్టు మరోసారి చూశాడు.

రింగు మీద ఇంకో రింగు.

పాత ఫిల్టరు విప్పినప్పుడు దాని రబ్బరు రింగు ఒక్కోసారి ఇంజనుకే అంటుకుని ఉండిపోతుంది. దాన్ని ఊడదీయకుండా కొత్త ఫిల్టరు బిగిస్తే రెండు రింగులు ఒకదాని మీద ఒకటి కూర్చుంటాయి. కొన్నాళ్ళు పట్టుకుంటాయి కూడా. గట్టి చలి వచ్చి, ఆయిల్ చిక్కబడి, స్టార్టవగానే ఒక్క తోపు తోస్తే ఒకటి పక్కకు జారుతుంది. అయిదారు మైళ్ళలో ఇంజను ఖాళీ. ఈ పని చేసేవాళ్ళందరికీ మొదటి రోజే చెప్పే మాట ఇది: విప్పిన ఫిల్టరు అంచు మీద బొటనవేలు తిప్పు, రింగుందో లేదో చూడు, ఆ తర్వాతే పారెయ్యి. ఈ షెడ్డులో ఆ మాట చెప్పేది ఆర్వోనే.

అట్టముక్క ఒకటి చంకలో పెట్టుకుని, టార్చి పట్టుకుని వెనక ఆవరణలోకి వెళ్ళాడు. మంచు మీద అట్ట పరిచి, వీపు మీద పడుకుని నీలం కారు కిందికి జారాడు. ఫిల్టరు కూర్చునే చోట ఆయిల్ నల్లటి మైనంలా పేరుకుంది. తొడుగు విప్పి వేలితో తడిమాడు. ఇనుము ఉండాల్సిన చోట రబ్బరు తగిలింది. ఒక పక్క మడతపడి, మిగతా చుట్టూ బాగా అంటుకుని ఉంది. గోరు పెట్టి లాగితే చిన్న చప్పుడుతో ఊడివచ్చింది.

బెవ్ నిన్న ఇదే చోట ఫిల్టరు విప్పింది. పైకి చూడలేదు. తప్పు పసుపు డబ్బాదని అప్పటికే అందరికీ తెలుసు మరి, ఎవరు చూస్తారు?

ఆ రింగు ఎప్పుడో ఇంకెవరో వదిలేసిందేమోనని అతనికి ఒక చిన్న ఆశ మిగిలింది. పాత ఫిల్టర్లను కారబెట్టే ఇనుప జాలీ దగ్గరికి వెళ్ళాడు. వారం రోజుల ఫిల్టర్లు బోర్లా పడి ఉన్నాయి. ప్రతి డబ్బా మీదా వేసిన రోజు, మైళ్ళు, వేసినవాళ్ళ పొడి అక్షరాలు మార్కరుతో రాసి ఉంటాయి. మార్లిస్ కారు మైళ్ళున్నది దొరికింది. నల్ల డబ్బా, తాను ఎంచింది, తన అక్షరాలు. తిరగేసి అంచు మీద బొటనవేలు తిప్పాడు. వేలు బోసి గాడిలో చుట్టూ తిరిగి మొదలైన చోటికే వచ్చింది.

ఆ శుక్రవారం అతనికి పూసగుచ్చినట్టు గుర్తొచ్చింది. కారు లిఫ్టు మీద ఉంది. కుడిచేత్తో ఈ నల్ల డబ్బా విప్పాడు. ఎడమచేతిలో పసుపు డబ్బా ఉంది. దాన్ని పైకెత్తి మార్లిస్‌కి చూపిస్తూ, ఇలాంటి చవక సరుకు గురించి అయిదు నిమిషాలు ఉపన్యాసం ఇచ్చాడు. కళ్ళన్నీ ఆ ఎడమచేతి మీదే ఉన్నాయి. కుడిచేతిలోది చూడకుండానే జాలీలో పడేశాడు.

రింగు జేబులో వేసుకుని షెడ్డులోకి వచ్చాడు. మూలన పాత ఆయిల్‌తో మండే పొయ్యి ఉంది. దాని తలుపు దగ్గర నిలబడ్డాడు. రబ్బరు అర నిమిషంలో కాలిపోతుంది. చేయి జేబులోకి వెళ్ళి రింగును పట్టుకుంది కూడా. ఐనో ముఖం అతనెప్పుడూ చూడలేదు, కానీ మెట్ల దగ్గర కారు చచ్చిపోయి ఉంటే లోపల ఒక ముసలావిడ జావ తాగుతూ ఉండటం మాత్రం కనబడుతూనే ఉంది.  పొయ్యి తలుపు తీయకుండానే కౌంటరు వైపు నడిచాడు.

బెవ్ కంపెనీకి ఉత్తరం సగం రాసేసింది. ఆర్వో రెండు రింగులనూ, బోసి నల్ల డబ్బానూ ఆ కాగితం మీద పెట్టాడు. ఈ షెడ్డులో పుట్టి పెరిగిన మనిషి, ఆమెకు విడమరిచి చెప్పనక్కర్లేదు. పెన్ను మూత పెట్టింది. కిటికీలోంచి నీలం కారును చూసింది.

"ఎవరు విప్పారిది?"

"శుక్రవారం బిల్లు మీద రాసే ఉంది."

"చదివాను. నీ నోటితో విందామని."

"నేనే."

బెవ్ కళ్ళు తుడుచుకోలేదు, కేకలు వేయలేదు. ఈ చలికాలమంతా కష్టపడి సంపాదించింది ఒక్క ఇంజనులో పోతుందని నెమ్మదిగా చెప్పింది. ఆ రింగు అతను తప్ప ఎవరూ చూడలేదనీ చెప్పింది. ఫిల్టరు మంచిదని రాయనక్కర్లేదు, ఏమీ తేలలేదని రాస్తే చాలు, అది పూర్తిగా అబద్ధం కూడా కాదు. ఆమె అడగడం లేదు, ఉన్న దారులు లెక్కపెడుతోందంతే.

"పొయ్యి దాకా వెళ్ళి వచ్చాను బెవ్," అన్నాడు ఆర్వో. "ఆ దారి చూసే వచ్చా."

"మరి?"

"లోపల చూశారా అని అడిగింది ఆ అమ్మాయి. చూశాను. చూశాక చూడలేదని ఎట్లా చెప్పను?"

బెవ్ సగం రాసిన ఉత్తరాన్ని నాలుగు మడతలు పెట్టి చెత్తబుట్టలో వేసింది. ఇంకో కాగితం తీసి పాత కార్ల యార్డుల ఫోన్ నంబర్లు రాయడం మొదలెట్టింది. ఇంజను షెడ్డు కొంటుందని, కూలి లేకుండా అతనే దాన్ని ఎక్కించాలని, పని అయ్యేదాకా తనకు ముఖం చూపించొద్దని అంది. తర్వాత తల ఎత్తకుండానే, డాక్టరుగారు ముందు తన కళ్ళు చూపించుకుంటే బాగుంటుందంది. అతను ఆ మాట పడ్డాడు.

శుక్రవారం పొద్దున ఆర్వో తన పికప్ ట్రక్కు వేసుకుని మార్లిస్ ఇంటికి వెళ్ళాడు. ఆమె వంటగది బల్ల మీద తన పేషెంట్ల కాగితాలు పదకొండు దొంతరలుగా సర్దుతోంది, వేరే నర్సుకు అప్పగించడానికి. ఒక్కో దొంతర మీదా చిన్న చీటీ అంటించింది. ఈయనకు కుక్కంటే భయం లేదు, కుక్కకే ఈయనంటే భయం. ఈవిడ మాత్రలు దిండు కింద దాస్తుంది. ఐనో దొంతర మీది చీటీ అన్నిటికన్నా పొడుగ్గా ఉంది.

కూర్చోమన్నా ఆర్వో కూర్చోలేదు. చేతిరుమాల్లో చుట్టిన రింగు బల్ల మీద పెట్టి, టోపీ చేత్తో పట్టుకుని చెప్పేశాడు. అది పాత ఫిల్టరుదని, తాను తీయకుండా వదిలేశాడని, ఆమె తెచ్చిన ఫిల్టర్లో ఏ దోషమూ లేదని. దారిలో చెప్పుకున్న మాటలు ఇంకా చాలా ఉన్నాయి గానీ నోటికి రాలేదు.

మార్లిస్ గాజంత ఆ రింగును వేలికి తగిలించి అటూ ఇటూ తిప్పి చూసింది.

"ఇంత చిన్నదా?"

"ఇంతే."

"నేను రెండు రాత్రులు నిద్రపోలేదు ఆర్వో. ఆ దీపం వెలగ్గానే ఆపేసి ఉంటే, ఆ చవకది కొనకపోయి ఉంటే, అని. మా అమ్మాయి కూడా అదే అంది. ఎందుకు కొన్నావే అని."

 అడగాల్సిన చోటా కాదు, సమయమూ కాదు గానీ, ఆర్వో లోపలి పురుగు ఊరుకోలేదు. అది అతని జబ్బు. నిజంగానే, అదే ఎందుకు కొన్నావని అడిగాడు. షాపులో అన్ని రంగులుంటే ఆ ఒక్కటే ఎలా ఎంచిందో తెలుసుకోవాలనుంది.

ఆమె అతని ముఖంలోకి వింతగా చూసింది.

"మీరేగా చెప్పారు."

"నేనా?"

"పోయిన మార్చిలో. బ్రేకులు బాగుచేస్తుంటే మీ అలమర ముందు కూర్చోబెట్టారు నన్ను. గంటన్నర. డబ్బా రంగు చూడొద్దు, బొరియల్లోంచి లోపలికి తొంగిచూడు అన్నారు. మన చలికి ఎర్ర రబ్బరు నాలుక ఉన్నదే తీసుకో, బిగుసుకోదు అన్నారు. నేను షాపులో టార్చి వేసి పద్నాలుగు డబ్బాల్లో చూశాను. అక్కడి కుర్రాడు నాకు పిచ్చేమో అనుకున్నాడు. ఎర్ర నాలుక దాంట్లోనే ఉంది."

ఆర్వోకి ఆ మార్చి గుర్తులేదు. అలమర ముందు ఎంతమందిని కూర్చోబెట్టాడో, నల్ల డబ్బాను మెచ్చుకుంటూనే ఇంకా ఏమేం చెప్పాడో లెక్కే లేదు. చెప్పినవి విని, గుర్తుపెట్టుకుని, టార్చి తీసుకుని షాపుకు వెళ్ళిన మనిషి ఒక్కతి ఉందని మాత్రం ఇప్పుడే తెలిసింది. ఆమె ఆ డబ్బా పట్టుకుని మెచ్చుకుంటాడనే అతని దగ్గరికి వచ్చింది. అతను రంగు చూశాడు, ధర చూశాడు. బొరియలోకి తొంగిచూడలేదు. 

రింగును మళ్ళీ రుమాల్లో చుట్టుకుని, దాని చోట తన ట్రక్కు తాళం చెవులు పెట్టాడు. కారు సిద్ధమయ్యేదాకా వాడుకోమని, హీటరు కాస్త మొండిదని, రెండుసార్లు తట్టాలని చెప్పాడు.

"మరి మీరు?"

"ఇల్లు ఒకటిన్నర మైలే."

"ఇరవై డిగ్రీలు కింద ఉంది బయట."

"నాకు సూది వేయాల్సొస్తే నువ్వున్నావుగా," అన్నాడు. మార్లిస్ ఆ రెండు రోజుల్లో మొదటిసారి నవ్వింది. పదకొండు దొంతరలనూ ఒక్కటిగా పోగేసి సంచీలో వేసుకుంది. అతను ముక్కు చివర తెల్లబడేలా ఇంటిదాకా నడిచి వెళ్ళాడు, దారిలో ఎవరు లిఫ్టు ఇస్తామన్నా ఎక్కలేదు.

ఇంజను శనివారం దొరికింది. వెనక నుంచి వేరే బండి గుద్దడంతో తుక్కుకు పోయిన కార్లోది, ముందు భాగం చెక్కు చెదరలేదు. ఆర్వో ఆదివారం, సోమవారం, మంగళవారం దాని కిందే ఉన్నాడు. బెవ్ చెప్పినట్టే ఆమెకు ముఖం చూపించలేదు, కానీ ప్రతి మధ్యాహ్నం బల్ల మీద ఒక పొటీత్సా ముక్క కనిపించేది.

బుధవారం సాయంత్రం నాలుగింటికి మార్లిస్ వచ్చింది. చేతిలో కొత్త ఫిల్టరు, పసుపు డబ్బా. తన కారు లిఫ్టు మీద ఉంది, ఇంకా ఆయిల్ పోయలేదు. పిలిచేదాకా కూర్చోమంటే అలమర ముందుకే వెళ్ళింది. కింది వరసలో నల్ల డబ్బా కొత్తగా చేరింది. పై వరసలో అది ఉండే చోట పసుపు డబ్బా ఉంది, యాభై ఎనిమిది మడతలూ విప్పుకుని. చీటీ పాతదే. కింది వరస అన్న మాట కొట్టేసి, దాని కింద రాసి ఉంది: ఫిల్టరు మంచిది. వేసినవాడు చూడలేదు. ఆర్వో నిస్కా. చీటీ కట్టిన దారానికే ఆ పాత రింగు వేలాడుతోంది. గని డ్రైవర్లిద్దరు దాని ముందు నిలబడి, రోజూలాగా వాదించుకోకుండా, చదువుకుంటున్నారు.

ఆర్వో ఆమెను పిలిచాడు. తుక్కు కారు నుంచి వచ్చిన ఇంజనుకు పాత ఫిల్టరు ఇంకా అలాగే ఉంది, కావాలనే ఉంచాడు. ఇప్పుడు దాన్ని విప్పి, ఆయిల్ కారుతుండగానే, జాలీలో వేయకుండా ఆమె ముందు పట్టుకున్నాడు.

"వేలు పెట్టి చూడు," అన్నాడు.

మార్లిస్ తన సంచీలోంచి నర్సు తొడుగు తీసి వేసుకుంది. బొటనవేలు అంచు మీద పెట్టి నెమ్మదిగా, మధ్యలో ఆగి, మళ్ళీ తిప్పుతూ మొదలుపెట్టిన చోటికి వచ్చింది.

"ఉంది," అంది.

రింగు ఇంజనుకు ఉండిపోలేదని ఆర్వోకి తేలింది. కొత్త ఫిల్టరు రింగుకు వేలితో ఆయిల్ రాసి, బిగించడానికి చేయి పైకెత్తాడు.

"ఆగండి," అంది మార్లిస్. "అంతకుముందుది కూడా ఒకటి ఉండిపోయి ఉంటే? ఆ కారుకు ఎవరు వేశారో మనకేం తెలుసు? టార్చి ఇవ్వండి, పైన చూస్తాను."

ఆమెకు తన మీద నమ్మకం ఇంకా రాలేదని అతనికి అర్థమైంది. కలుక్కుమంది. నలభై ఏళ్ళలో తన పనిని ఇలా తలెత్తి చూసినవాళ్ళు ఎవరూ లేరు, చూసి ఉంటే బాగుండేది. టార్చి ఆమె చేతికిచ్చి, వెలుతురుకు అడ్డం రాకుండా పక్కకు జరిగి నిలబడ్డాడు.